పక్కనోడు నమ్మితేనే దెయ్యం

కావలి నుంచి సముద్రం వైపు పోయేకొద్దీ రొయ్యల గుంటలు మొదలవుతాయి. రాత్రిపూట అక్కడ కాపలా ఉండే కుర్రాళ్ళు నిద్ర రాకుండా ఫోన్లో సినిమాలు చూస్తుంటారు. మా బంధువుల గుంటల దగ్గరికి పోయినప్పుడల్లా ఏం చూస్తుండారబ్బయ్యా అని అడుగుతుంటాను, ఏదో ఫైటింగుల సినిమా పేరు చెప్తారేమో అనుకుంటే ఎక్కువసార్లు దెయ్యం కామెడీ పేరే చెప్తారు. ఒక పక్క సరుగుడు తోపుల హోరు, ఇంకో పక్క నీళ్ళు, కనుచూపు మేరలో ఇంకో మనిషి ఉండడు, అలాంటి చోట కూర్చొని దెయ్యం సినిమా చూడాలంటే ఎంత గుండె కావాలి! కాకపోతే ఒక్కడే ఉన్నప్పుడు మాత్రం ఎవరూ పెట్టుకోరు. పక్క గుంట కాపలావాడు వచ్చి మంచం మీద కూర్చున్నాకే సినిమా మొదలవుతుంది. భయపడాల్సిన చోట వాళ్ళు ఫోన్ వైపు చూడటం మానేసి ఒకడి మొహం ఒకడు చూసుకుంటారు. వాడు ముందు జడుసుకుంటే వీడికి నవ్వు, వీడు జడుసుకుంటే వాడికి నవ్వు.

పెద్ద హీరో లేకుండా, నలుగురు స్నేహితులు, ఒక ఇల్లు, ఒక దెయ్యం పెట్టి తీసే చిన్న సినిమాలంటే నాకు ప్రాణం. భాష ఏదైనా సరే, వెతుక్కొని చూస్తాను. ఇన్ని చూశాక నాకు గట్టిగా అనిపించిన మాట ఒకటుంది. ఈ సినిమాల్లో దెయ్యం ఎట్టా ఉంది, మేకప్ ఎట్టా ఉంది, గ్రాఫిక్స్ బాగా కుదిరాయా అన్నది రెండో సంగతి. ఒకడు దెయ్యాన్ని చూశాడు, పరిగెత్తుకొచ్చి మిగతావాళ్ళకి చెప్పాడు, వాళ్ళు నమ్మారా లేదా? సినిమా నిలబడేదీ పడిపోయేదీ అక్కడే.

ఆలోచించండి. మామూలుగా స్నేహం గట్టిదా కాదా అని తేలేది డబ్బు దగ్గర, పెళ్ళి దగ్గర, ఆస్పత్రి దగ్గర. అడిగినప్పుడు అప్పు ఇచ్చాడు, ఇవ్వలేదు, రక్తం ఇవ్వడానికి వచ్చాడు, రాలేదు. ఇవన్నీ కంటికి కనిపించే లెక్కలు, నలుగురినీ పిలిచి చూపించగలిగే లెక్కలు. దెయ్యం అట్టా కాదు. చూసినవాడి దగ్గర నోటి మాట తప్ప ఇంకేమీ ఉండదు. "ఒరే, ఆ గదిలో ఎవరో ఉన్నార్రా" అని వాడు చెప్పినప్పుడు పక్కవాడు నవ్వి దుప్పటి ముసుగేసుకుంటే అది ఒక రకం స్నేహం, "పదరా చూద్దాం" అని లేస్తే ఇంకో రకం, నమ్మకపోయినా వాడి కోసం లైటు వేసి తెల్లారేదాకా కూర్చుంటే ఇంకో రకం. ఈ మూడు రకాల వాళ్ళనీ ఒకే గదిలో పెట్టగలిగితే కామెడీ కోసం విడిగా వెతుక్కోవాల్సిన పనే లేదు.

2023లో వచ్చిన మలయాళం సినిమా రోమాంచం చూసినవాళ్ళకి నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది. జితు మాధవన్ తీశాడు, అతనికి అది మొదటి సినిమా, బెంగళూరులో తను స్నేహితులతో కలిసి ఉన్న రోజుల్లోంచి పుట్టిన కథ. 2007లో జరుగుతుంది. సరైన సంపాదన లేని బ్యాచిలర్లు ఒక ఇంట్లో ఉంటారు, ఏమీ తోచక క్యారమ్ బోర్డునే, అక్షరాల మీద గ్లాసు కదిలి జవాబు చెప్పే వీజా బోర్డుగా మార్చి ఆత్మని పిలుస్తారు, అనామిక అనే ఆత్మ పలుకుతుంది. అంతే కథ. విడిగా దెయ్యం అంటూ తెర మీదికి వచ్చి భయపెట్టేది ఎంతో ఉండదు. ఉండేదంతా ఆ ఇరుకు ఇల్లు, వాళ్ళ పనిలేని సాయంత్రాలు, ఒకడి మీద ఒకడు వేసుకునే సెటైర్లు. గ్లాసు ఒక్కసారి కదిలిందంటే మనం గ్లాసుని చూడం, చుట్టూ ఉన్న మొహాలు చూస్తాం, ఎవడు కదిపాడ్రా అని ఒకడి మీద ఒకడికి అనుమానం, నేను కదపలేదురా బాబూ అని ఒకడు మొత్తుకోవడం. ఆ అనుమానమే సినిమా. కొత్త కుర్రాళ్ళు ఎవరైనా ఈ రకం సినిమా తీయాలనుకుంటే స్క్రిప్టు రాయడానికి ముందు దీన్ని ఒకసారి సౌండ్ తీసేసి చూడమంటాను. మాట వినపడకపోయినా ఎవడు నమ్మాడు, ఎవడు నమ్మలేదు, ఎవడు నమ్మి కూడా నమ్మనట్టు ఉన్నాడు అన్నది మొహాల్లో తెలిసిపోతుంది.

మన తెలుగులో ఈ గాలి మొదలైంది 2013లో ప్రేమకథా చిత్రమ్‌తో అని చాలామంది అంటారు, నేనూ అదే అంటాను. అంతకుముందు ఏడాది దర్శకుడు మారుతి ఫొటోలు తీసే డీఎస్ఎల్ఆర్ కెమెరాతో 'ఈ రోజుల్లో' అనే సినిమా తీసి చిన్న డబ్బుతో కూడా థియేటర్లు నింపవచ్చని చూపించాడు. ఆ సినిమాకి కెమెరా పట్టిన జె. ప్రభాకర్ రెడ్డి పేరు మీదే దర్శకుడిగా ప్రేమకథా చిత్రమ్ వచ్చింది, కథ మారుతిది. చచ్చిపోదామని ఒక ఫామ్‌హౌస్‌కి పోయినవాళ్ళు అక్కడ దెయ్యాన్ని చూసి ప్రాణభయంతో పరిగెత్తుతారు. ఎంత మంచి ఆలోచనో చూడండి! ప్రాణం వద్దనుకున్నవాడికి ప్రాణం తీపి గుర్తుచేసింది దెయ్యం. సప్తగిరిని జనం గుర్తుపెట్టుకున్నది ఆ సినిమాతోనే. మా ఊళ్ళో అప్పట్లో పెళ్ళిళ్ళలో, తిరునాళ్ళలో అతని మాట తీరుని అనుకరించని కుర్రాడు లేడు.

ఆ తర్వాత రెండు మూడేళ్ళు వరసబెట్టి ఇట్టాంటి సినిమాలే వచ్చాయి, చాలావాటిలో నాకు నచ్చనిది ఒకటే. స్నేహితులంటూ నలుగురిని చూపిస్తారు గానీ దెయ్యం రాకముందు వాళ్ళు ఎట్టా స్నేహితులయ్యారో, ఒకడంటే ఒకడికి ఏం ఇష్టమో, ఏం చిరాకో మనకి తెలియనివ్వరు. పదో నిమిషానికే బంగళా గేటు కిర్రుమంటుంది. ఇక అక్కడి నుంచి చెంపదెబ్బలు, అరుపులు, స్పీకర్లు పగిలిపోయే మ్యూజిక్. దెయ్యం చేతిలో దెబ్బలు తినేవాడు నాకు ఎవరో తెలియకపోతే నవ్వొస్తుంది, నిజమే, కానీ వాడికి ఏమవుతుందో అన్న బెంగ రాదు. బెంగ లేనిచోట భయం ఎక్కడి నుంచి వస్తుంది?

2017లో మహి వి రాఘవ్ తీసిన ఆనందో బ్రహ్మ ఈ లెక్కని మార్చింది. అందులో దెయ్యాలే మనుషుల్ని చూసి భయపడతాయి. శ్రీనివాస రెడ్డి, వెన్నెల కిశోర్, షకలక శంకర్, తాగుబోతు రమేష్, ఈ నలుగురూ డబ్బు అవసరం కొద్దీ ఆ ఇంట్లో రాత్రుళ్ళు ఉండటానికి ఒప్పుకుంటారు. ఎవడి ఇబ్బంది వాడికి ఉంది, ఆ ఇబ్బందుల వల్లే దెయ్యాలు ఎంత ప్రయత్నించినా వాళ్ళు భయపడరు. వాళ్ళు చిన్ననాటి స్నేహితులేం కాదు, అవసరం ఒకచోట చేర్చిన మనుషులు. అయినా నాకు అందులో స్నేహం కనిపిస్తుంది, ఎందుకంటే ఒకడి బలహీనతని ఇంకొకడు తప్పు పట్టకుండా దానితోనే సర్దుకుపోతాడు. మన చుట్టూ ఉన్న స్నేహాలు నూటికి తొంభై అట్టాంటివే.

2024లో వచ్చిన ఓం భీమ్ బుష్ బడ్జెట్ లెక్కలో చిన్న సినిమా కాదు, అయినా ఇక్కడ చెప్పాల్సిందే. శ్రీవిష్ణు, ప్రియదర్శి, రాహుల్ రామకృష్ణ అప్పటికే 2019లో బ్రోచేవారెవరురాలో కలిసి చేసి ఉండటంతో ఆ ముగ్గురి మధ్య చనువు కొత్తగా పుట్టించాల్సిన పని లేకపోయింది. ఒకడు మాట మొదలుపెడితే ఇంకొకడు అందుకుంటాడు, మూడోవాడు దాన్ని చెడగొడతాడు. దానికి తోడు సంపంగి మహల్‌లో ఉన్న ఆత్మ కథని చివర్లో ఎగతాళి చేయకుండా గౌరవంగా చెప్పడానికి దర్శకుడు శ్రీహర్ష కొనుగంటి ప్రయత్నించాడు. దెయ్యానికి కూడా ఒకరి తోడు కావాలి, తనని తనలాగే ఒప్పుకునే మనిషి ఒకరు కావాలి అన్న సంగతి చెప్పాక, అప్పటిదాకా పడీపడీ నవ్వినవాళ్ళు హాల్లో ఒక్కసారిగా సద్దుమణిగారు. నేను కావలిలో చూసినప్పుడు జరిగింది ఇది, మిగతా చోట్ల ఎట్టా ఉందో గానీ నాకు మాత్రం అది మర్చిపోలేని షో.

ఇక డబ్బు సంగతి. దెయ్యం కామెడీ చిన్నగా తీసేవాళ్ళకి ఎందుకు కలిసొస్తుందంటే ఒక ఇల్లు చాలు, నలుగురు నటులు చాలు, పాటలు లేకపోయినా ఎవరూ అడగరు. అది ఒక పక్క మాత్రమే. కథంతా రాత్రి జరుగుతుంది కాబట్టి లైట్లు కావాలి, జనరేటర్ కావాలి, దానికి డీజిల్ కావాలి, రాత్రి పని కాబట్టి పనివాళ్ళకి రోజువారీ ఇచ్చే బేటాలు పెరుగుతాయి, తెల్లవారుజామున మూడు దాటాక మనుషులు నిలబడే నిద్రపోతారు. అందుకే తెలివైనవాళ్ళు ఇంటి లోపలి సీన్లని పగలే కిటికీలకి నల్లగుడ్డలు కట్టి తీసేస్తారు, బయట సీన్లు మాత్రమే రాత్రికి పెట్టుకుంటారు. ఈ సినిమాల్లో అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో ఎక్కువ పని చేసేది శబ్దం. పైన ఎవరో నడిచిన చప్పుడు ఒక్కటి బాగా రికార్డు చేసి సరైన చోట వేస్తే గ్రాఫిక్స్ ఖర్చు చాలావరకు మిగిలిపోతుంది. మనవాళ్ళు సరిగ్గా అక్కడే పొదుపు చేస్తారు. కెమెరాకి అద్దె కడతారు, డ్రోన్ తెస్తారు, మైకు మాత్రం ఎవరి దగ్గరో అడిగి తెచ్చింది వాడతారు, చివరికి డబ్బింగులో అందరి గొంతులూ ఒకే గదిలోంచి వచ్చినట్టు ఉంటాయి. భయం చెవి నుంచి మొదలవుతుంది, ఇది నేను ఎవరితోనైనా వాదిస్తాను.

ఇంకో చిన్న సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. భయానికి కట్ కావాలి, నవ్వుకి కట్ వద్దు. తలుపు వెనక ఏముందో చూపించకుండా షాట్ మారిస్తే భయం. నలుగురూ ఒకే ఫ్రేములో ఉండి, ఒకడు చెప్తుంటే ముగ్గురి మొహాలు మూడు రకాలుగా మారుతుంటే నవ్వు. డబ్బు లేనివాడికి ఈ రెండోది వరం, కెమెరాని ఒకచోట పెట్టేసి నటుల్ని వాళ్ళ మానాన వాళ్ళని వదిలేయొచ్చు. అయితే ఆ నలుగురూ బయట కూడా స్నేహితులై ఉంటే తప్ప ఇది పండదు.

బయటి దేశాల్లో ఇట్టా చేసి చూపించినవాళ్ళు ఇద్దరు ముగ్గురు నాకు బాగా ఇష్టం. 2014లో న్యూజిలాండ్ నుంచి వచ్చిన వాట్ వుయ్ డూ ఇన్ ది షాడోస్‌లో రక్తపిశాచాలు వెల్లింగ్టన్‌లో ఒక ఇంట్లో కలిసి ఉంటాయి, గిన్నెలు ఎవరు తోమాలన్న దగ్గర పోట్లాడుకుంటాయి. టైకా వైటీటీ, జెమైన్ క్లెమెంట్ ఇద్దరూ కలిసి రాసి, తీసి, నటించారు. అందులో స్టూ అని ఒక మామూలు మనిషి ఉంటాడు, నెమ్మదస్తుడు, పిశాచాలకి కంప్యూటర్ నేర్పిస్తాడు. వాడి రక్తం మాత్రం తాగకూడదని పిశాచాలన్నీ ఒప్పందానికి వస్తాయి. స్నేహం గురించి నేను చూసిన మంచి సీన్లలో అదొకటి, ఒక్క బరువైన డైలాగు కూడా లేదు.

జపాన్‌లో షినిచిరో ఉయెదా 2017లో ముప్ఫై లక్షల యెన్లతో తీసిన వన్ కట్ ఆఫ్ ది డెడ్ దెయ్యాల సినిమా కాదు, శవాలు లేచొచ్చే సినిమా. మొదటి 37 నిమిషాలు ఒకే షాట్, చూస్తుంటే ఇదేంటి ఇంత నాసిరకంగా ఉంది అనిపిస్తుంది, దయచేసి అక్కడ ఆపేయకండి. ఆ తర్వాత ఆ 37 నిమిషాలని ఎట్టా తీశారో చూపిస్తారు. క్రేన్ లేకుండా చివరి షాట్ ఎట్టా తీశారో చూసినప్పుడు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏం చేశారో చెప్పను, మీరే చూడాలి. ఊళ్ళో నలుగురు స్నేహితులతో కలిసి ఎప్పుడైనా నాటకమో, షార్ట్ ఫిల్మో, కనీసం వినాయకచవితి పందిరో వేసినవాళ్ళకి ఆ సీన్ మిగతావాళ్ళకన్నా ఎక్కువ అర్థమవుతుంది.

ఇప్పుడు మన నేల దగ్గరికి వస్తాను, ఇదంతా రాసింది దీని కోసమే.

2025లో ప్రవీణ్ కండ్రేగుల తీసిన శుభం వచ్చింది, సమంత నిర్మించిన మొదటి సినిమా. భీమిలిలో జరుగుతుంది. కేబుల్ టీవీ నడుపుకునే కుర్రాడు, అతని ఇద్దరు స్నేహితులు, రాత్రి తొమ్మిదింటికి సీరియల్ మొదలవగానే మనుషులు మారిపోయే భార్యలు. సినిమాలో అన్నీ నాకు నచ్చాయని కాదు, రెండో సగంలో కొంచెం సాగింది. కానీ అది భీమిలిలో తప్ప ఇంకెక్కడా జరగదు అన్నట్టు తీశారు, ఆ యాస, ఆ వీధులు, ఆ సముద్రం గాలి. అదే దర్శకుడు 2021లో సినిమా బండి తీసినప్పుడు కూడా సరిహద్దు పల్లె యాసని అట్టానే ఉంచేశాడు. అప్పటి నుంచి నాకు ఒకటే ఆరాటం, మన నెల్లూరు, ప్రకాశం యాసలో, మన చోట్లలో ఒక దెయ్యం కామెడీ ఎందుకు రాకూడదు?

మన యాసకి హాస్యం కొత్తేం కాదు. 1957లో మాయాబజార్‌లో చిన్నమయ్యగా రాక్షసులకి పాఠాలు చెప్పిన రమణారెడ్డి మన నెల్లూరు జిల్లా మనిషి. ఆ సన్నటి ఒళ్ళు, ఆ మాట విరుపు, రాక్షసుల మధ్య నిలబడినా ఆయన్ని చూస్తే ఊళ్ళో పెద్దాయనెవరో మాట్లాడుతున్నట్టే ఉంటుంది. భయంకరమైన వాళ్ళ నోట ఇంటి మాట పలికిస్తే ఎంత నవ్వొస్తుందో డెబ్భై ఏళ్ళ కిందటే తెలిసిన వాళ్ళం మనం. "గమ్మునుండ్రా" అని ఒక దెయ్యం అనడం ఊహించుకోండి, నాకైతే రాస్తుంటేనే నవ్వొస్తోంది.

చోట్లకేం తక్కువ? మొదట చెప్పిన రొయ్యల గుంటలే తీసుకోండి. రాత్రి గుంట గట్టు మీద నడుస్తూ నీళ్ళ మీదికి టార్చి వేస్తే రొయ్యల కళ్ళు ఎర్రగా నిప్పురవ్వల్లా మెరుస్తాయి, వందలు వందలు, మనం కదిలితే అవీ కదులుతాయి. మొదటిసారి చూసిన పట్నం మనిషి ఎవరైనా సరే ఒక్క అడుగు వెనక్కి వేస్తాడు. నీళ్ళలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు రాత్రంతా నీళ్ళని చిలుకుతూ ఒకటే హోరు, కాసేపటికి ఆ హోరు చెవికి అలవాటైపోయి వినపడటం మానేస్తుంది. ఇప్పుడు కరెంటు పోయిందనుకోండి. అన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. ఆ నిశ్శబ్దం ఉంది చూశారూ, రొయ్యల రైతుకి దాన్ని మించిన భయం ఇంకోటి లేదు. నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లవారుజామున అయితే మరీ ప్రమాదం, వెంటనే జనరేటర్ వేయకపోతే లక్షల సరుకు తెల్లారేసరికి తేలిపోతుంది. కాబట్టి ఆ క్షణంలో ఎదురుగా దెయ్యం వచ్చి నిలబడినా కాపలావాడు "జరుగమ్మా పక్కకి" అని దాన్ని దాటుకొని జనరేటర్ దగ్గరికే పరిగెత్తుతాడు. పక్క గుంటవాడితో ఎన్ని గొడవలున్నా సరే, ఆ టైములో హ్యాండిల్ తిప్పడానికి వాడే రావాలి. దెయ్యం, అప్పు, స్నేహం మూడూ ఒకే రాత్రిలో, ఒకే గట్టు మీద. దీన్ని హైదరాబాదులో కూర్చొని ఎవరు రాయగలరు?

ప్రకాశం జిల్లా వైపు పోతే పొగాకు బ్యారన్లు, అంటే పచ్చాకుని వేడికి ఆరబెట్టే కట్టడాలు. కొండపి, టంగుటూరు, కందుకూరు, పొదిలి, ఎటు పోయినా పొలాల మధ్య ఎత్తుగా, కిటికీల్లేకుండా నిలబడి ఉంటాయి. కందుకూరు జిల్లా మారుతూ వచ్చిందనుకోండి, పొగాకుకి జిల్లాలతో పనేముంది. పచ్చాకు కర్రలకి అల్లి లోపల అంతస్తులు అంతస్తులుగా ఎక్కిస్తారు, బయట పొయ్యిలో కట్టెలు మండుతుంటే ఆ వేడి ఇనప గొట్టాల్లోంచి లోపలంతా తిరుగుతుంది. వారం దాకా నిప్పు ఆరకూడదు, ఉన్నట్టుండి పెరగకూడదు, చివరికి వచ్చేసరికి ఫారన్‌హీట్‌లో 160 దాకా పోతుంది. రాత్రుళ్ళు ఎవరో ఒకరు పొయ్యి దగ్గర మేలుకొని ఉండాలి, మధ్యమధ్యలో లేచి చిన్న అద్దంలోంచి లోపలి వేడి ఎంతుందో చూసుకోవాలి. చీకట్లో ఆ అద్దానికి కళ్ళు ఆనించి లోపలికి చూడటం ఉంది కదా, ఏ దర్శకుడూ కల్పించాల్సిన అవసరం లేని షాట్ అది. మా అమ్మ పుట్టిల్లు ఆ వైపే. చిన్నప్పుడు సంక్రాంతికి పోతే మా మేనమామ, ఆయన స్నేహితులు పొయ్యి చుట్టూ చేరి చెప్పుకున్న దెయ్యం కథలు విన్నాను. ఒకాయన కథ చెప్తుంటే ఇంకొకాయన చప్పుడు కాకుండా లేచి బ్యారన్ వెనక్కి పోయేవాడు. మా మామ మాత్రం "రే, ఎవడో ఒకడు తక్కువున్నాడు, లెక్కేయండ్రా" అనేవాడు. ఆ మాటకి మాకు పై ప్రాణాలు పైనే పోయేవి. అందరూ గుర్తుకొచ్చినవాళ్ళని లెక్కపెట్టుకునేవాళ్ళు, దెయ్యం లేదని తెలిసినా సరే ఎవడు తక్కువయ్యాడో తేలేదాకా ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. మన వైపు గాలి సోకిందని, ఏదో పట్టిందని ఇప్పటికీ మనుషుల్ని నెల్లూరు జిల్లా ఏ.ఎస్.పేట దర్గాకి తీసుకుపోయేవాళ్ళు ఉన్నారు, అక్కడ నిద్ర చేయిస్తారు. వాళ్ళలో మనసు బాగాలేనివాళ్ళు, ఇంట్లో దిక్కు తోచక వచ్చినవాళ్ళు ఉంటారు. వాళ్ళని, వాళ్ళ ఇంటివాళ్ళ కష్టాన్ని తెచ్చి కామెడీ చేస్తే నేను ఒప్పుకోను. జుట్టు విరబోసుకొని ఊగే ఆడమనిషిని చూపించి హాలంతా నవ్వించడం చాలా తేలిక, అంత తేలికైన పని చేయడానికి సినిమా ఎందుకు?

ఆడవాళ్ళ మాట వచ్చింది కాబట్టి నా మనసులో ఎప్పటినుంచో ఉన్నది చెప్పేస్తాను. మన దెయ్యం కామెడీల్లో స్నేహితులు ఎక్కువగా మగవాళ్ళే. దెయ్యం ఎక్కువగా ఆడదే. శుభంలో మగవాళ్ళ పెత్తనాన్ని గట్టిగానే వేళాకోళం చేశారు, సంతోషం, అయినా భయపడుతూ పరిగెత్తే స్నేహితుల గుంపు మాత్రం మళ్ళీ ముగ్గురు మగవాళ్ళదే. ఆడపిల్లల మధ్య స్నేహం లేదా, వాళ్ళకి భయం లేదా, వాళ్ళకి నవ్వు రాదా? నాయుడుపేట, సూళ్ళూరుపేట, తడ వైపు పోయి చూడండి, అవి ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయాయి గానీ మనిషికీ మనిషికీ తెంపు లేదు. శ్రీసిటీ పారిశ్రామికవాడలో, చుట్టుపక్కల కంపెనీల్లో పనిచేసే ఆడపిల్లలు వేలమంది ఉన్నారు. మన ఉదయగిరి, ఆత్మకూరు, కనిగిరి వైపు మెట్ట పల్లెల నుంచి కూడా పోయినవాళ్ళు ఉన్నారు. నలుగురైదుగురు కలిసి ఒక గది అద్దెకి తీసుకుంటారు. ఒకమ్మాయి రాత్రి షిఫ్టు, ఒకమ్మాయి పగలు షిఫ్టు, ఒకే చాప మీద ఒకరు లేస్తుంటే ఇంకొకరు పడుకుంటారు.

మా పెద్దమ్మ మనవరాలు అట్టా గదిలో ఉండి వచ్చింది. వాళ్ళ గదిలో ఎవరో కూరాకు గిన్నె అడుగంటా ఖాళీ చేసేస్తుంటే షిఫ్టులు వేరు కాబట్టి నెలరోజుల దాకా ఎవరు తింటున్నారో తేలలేదంట. పగటివాళ్ళు రాత్రివాళ్ళ మీద, రాత్రివాళ్ళు పగటివాళ్ళ మీద అనుకున్నారు. చివరికి అందరికీ ఒకే ఆదివారం సెలవు దొరికినప్పుడు కూర్చొని మాట్లాడుకుంటే ఎవరూ తినలేదని తేలింది. "అప్పుడు మాకు భయమెయ్యలేదు తాతా, హమ్మయ్య మనలో ఎవరూ దొంగ కాదు అని సంతోషమేసింది" అంది ఆ పిల్ల. గిన్నె ఎవరు ఖాళీ చేశారో ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాత వాళ్ళు ఒక ప్లేటు ఎక్కువ పెట్టడం మొదలుపెట్టారంట, రాత్రి పూట, పొయ్యి పక్కన. దెయ్యం ఉందన్న దానికన్నా తమలో దొంగ లేదన్నదే ఆ పిల్లలకి ముఖ్యమైంది. రెండు గంటల సినిమాకి ఇంతకన్నా ఏం కావాలి! గది ఒక్కటే, నటులు అయిదుగురు, దెయ్యాన్ని చూపించాల్సిన పనే లేదు, ఖాళీ గిన్నె చూపిస్తే చాలు.

నెల్లూరులో, ఒంగోలులో, కావలిలో షార్ట్ ఫిల్ములు తీసే కుర్రాళ్ళు నాకు కొంతమంది తెలుసు. బాగా తీస్తారు, కష్టపడతారు, కానీ దెయ్యం కథ అనగానే ఎక్కడో అడవిలో బంగళా కావాలంటారు, తెల్లచీర కావాలంటారు. అబ్బయ్యా, బంగళా మీకెందుకు? ముందు పది పేజీలు దెయ్యం లేకుండా రాయండి. ఆ నలుగురిలో ఎవడికి ఎవడు ఎంత బాకీ, ఎవడి చెల్లెలి పెళ్ళికి ఎవడు వడ్డించాడు, ఎవడు ఫోన్ ఎత్తడు, ఎవడు బండి అడిగితే తాళం ఇవ్వడు, ఇవన్నీ తేల్చండి. ఆ పది పేజీలు దెయ్యం లేకుండానే చదవాలనిపిస్తే అప్పుడు పదకొండో పేజీలో దాన్ని పిలవండి. నటులు కూడా బయటినుంచి అక్కర్లేదు, మీ గ్యాంగులో ఎప్పుడూ అబద్ధాలు చెప్పేవాడు ఒకడు ఉంటాడు కదా, దెయ్యాన్ని మొదట చూసేది వాడే అయ్యేట్టు రాయండి, మిగతావాళ్ళు ఎట్టా నమ్ముతారో మీకు రాయాల్సిన పని కూడా ఉండదు, కెమెరా పెట్టి వదిలేయండి. మాట మాత్రం మన మాటే ఉంచండి. గోదావరి యాస సినిమాకి బాగుంటుందని ఎవరో చెప్పారని మార్చకండి.

చోటు కావాలంటే మా మేనమామ బ్యారన్ కొండపి దగ్గర ఉంది. క్యూరింగ్ అయిపోయి ఆకు వేలానికి పోయాక మళ్ళీ సీజన్ దాకా ఖాళీయే. ఆయన్ని అడిగాను, తీసుకోమన్నాడు, అద్దె వద్దన్నాడు. లోపల కర్రలకి దూలాలు పాతవి, వాటి మీదికి ఎక్కనివ్వకండి. కరెంటు పక్కనున్న బోరు దగ్గరి నుంచి లాక్కోవాలి, వైరు మీరే తెచ్చుకోవాలి. రాత్రి అన్నం మా అత్త పంపిస్తుంది, ఎంతమంది వస్తారో సాయంత్రం లోపల చెప్పాలి.